పొరుగింటి పుల్లకూర

“ఈవేళ ఏం కూరండీ?”

మన ఆడవాళ్ళకు ఇంతకంటే తేలికైన పలకరింపు లేదు. పిట్టగోడ మీదుగా, బస్టాపులో, గుడి మెట్ల మీద, ఆఖరికి అమెరికాలో వున్న కూతురితో ఫోనులో కూడా ముందు వచ్చేది ఈ ప్రశ్నే. లోకంలో ఇన్ని సంగతులుండగా వీళ్ళకు కూర తప్ప మాటే దొరకదా అని మొగవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో ఎంత కథ వుంటుందో వాళ్ళకేం తెలుసు?

“ఆనపకాయ పులుసండీ” అందనుకోండి, ఆవిడది గోదావరి వైపో, విశాఖ వైపో కావచ్చు. గోరుచిక్కుడుకాయను “మటిక్కాయ” అందంటే సీమ మనిషి. “గోకరకాయ” అందంటే తెలంగాణ. వేరుశెనగలు ఒకచోట చెనిక్కాయలు, ఇంకోచోట పల్లీలు. రాగులు శ్రీకాకుళం వైపు చోళ్ళు, తెలంగాణలో తైదలు. పండుగనాడు పూర్ణం పెట్టి వత్తి కాల్చే ఆ ఒక్క పిండివంటకే బొబ్బట్లు, భక్షాలు, పోలెలు, ఓళిగలు అని నాలుగు పేర్లు. ఇంటిపేరు అడగకుండా, కులం అడగకుండా, మర్యాదకు లోపం రాకుండా ఎదుటి మనిషి ఏ నీళ్ళు తాగి పెరిగిందో తెలుసుకోవడానికి కూరను మించిన దారి లేదు.

అంతవరకూ ముచ్చటే. చిక్కెక్కడ వస్తుందంటే, “మీరేమంటారు?” అన్న ప్రశ్న “మీరలా అంటారా!” అన్న ఆశ్చర్యంగా మారి, ఆ ఆశ్చర్యం కాస్తా “అలా కూడా తింటారా!” అన్న వెక్కిరింతగా దిగజారినప్పుడు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. మన ఇంట్లో వున్నదాన్ని వదిలి పక్కవాళ్ళ దానికి అర్రులు చాచే బుద్ధిని ఎగతాళి చెయ్యడానికి పుట్టిన సామెత అది. కాని జిల్లాల మధ్య, ప్రాంతాల మధ్య, రాష్ట్రాల మధ్య మాట వచ్చేసరికి ఈ సామెత తలకిందులవుతుంది. పొరుగింటి పుల్లకూర చేదు, మన ఇంట్లో మాడిపోయిన కూరైనా అమృతం. ఇంటి పక్కన రుచిగా వున్నది పొలిమేర దాటగానే చేదెందుకవుతుంది? తిండి దగ్గర మనకింత పౌరుషం ఎందుకు? ఆ పౌరుషంలో న్యాయమెంత, అన్యాయమెంత? ఈ వారం కూర తరుగుతూ ఆలోచించవలసిన సంగతి ఇది.

పెళ్ళిళ్ళలో చూడండి. మగపెళ్ళివారిది కృష్ణాజిల్లా, ఆడపెళ్ళివారిది వరంగల్లు అనుకోండి. పంక్తిలో పచ్చిపులుసు వడ్డించగానే ఒకావిడ ముక్కు మీద వేలేసుకొంటుంది.

“ఇదేమిటి వదినగారూ, హడావిడిలో పులుసు కాయడం మరిచిపోయారా?”

“మరిచిపోలే వదినా. మా పచ్చిపులుసు గిట్లనే వుంటది. మీరు పులుసుల గూడ బెల్లమేస్తరట గద, మాకది పాయసం లెక్క కొడ్తది!”

అందరూ నవ్వుతారు. కాని ఆ నవ్వులో ఒక ముల్లుంటుంది. ఆ ముల్లు అప్పగింతలనాటికి కూడా వూడిరాదు. ఏళ్ళు గడిచాక ఆ పెళ్ళిలో పెట్టిన చీరల రంగు ఎవరికీ గుర్తుండదు గాని, పులుసు మీద వచ్చిన మాట మాత్రం రెండు వైపులా భద్రంగా వుంటుంది.

ఎందుకంటే అన్నం మీద మాటంటే అమ్మ మీద మాటే. మనిషి నోటికి మొట్టమొదట తెలిసిన రుచి ఎవరో ఒక స్త్రీ చేతి రుచి. ఆ రుచి బాగుందా లేదా అని బేరీజు వేసే వయసు రాకముందే అది నాలుక మీద స్థిరపడిపోతుంది. భాషా అంతే. అందుకే ప్రాంతాల తగాదాల్లో పెద్దలు నీళ్ళ వాటాల గురించీ, ఉద్యోగాల గురించీ, నిధుల గురించీ లెక్కలు చెబుతుంటే, మామూలు మనుషులు మాత్రం “మా మాటను వెక్కిరించారు, మా తిండిని వెక్కిరించారు” అని చెబుతారు. లెక్కలు అబద్ధమని కాదు. లెక్కలు పుస్తకాల్లో వుంటాయి, అవమానం గొంతులో వుంటుంది.

మన తెలుగువాళ్ళు కలవడాలూ విడిపోవడాలూ కొత్తకాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం. 2014 జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రమైంది. ఈ కథలో నాకు విచిత్రంగా తోచిన సంగతొకటుంది. 2011లో తెలంగాణ కోసం జనం రోడ్ల మీదికి వచ్చి, పొయ్యిలు పెట్టి, గుండిగలెక్కించి ‘వంటా వార్పూ’ జరిపారు. రెండేళ్ళు తిరిగేసరికి 2013లో, రాష్ట్రం చీలకూడదంటూ కోస్తాలోనూ, సీమలోనూ జనం రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ళూ పొయ్యిలే పెట్టారు. వాళ్ళదీ వంటా వార్పే. ఒకరు విడిపోతామని, ఒకరు కలిసివుంటామని. కోరికలు వేరైనా ఇద్దరికీ తోచిన భాష ఒక్కటే, పదిమందిలో అన్నం వండుకు తినడం. పోట్లాటలో కూడా ఇంత అన్నదమ్ముల పోలిక వున్నవాళ్ళం మనం!

సరే, తగాదాలో వినబడే మాటలను ఒక్కొక్కటే చేటలో పోసి చెరిగి చూద్దాం.

మొదటి మాట: “మేం వచ్చి నేర్పేదాకా వాళ్ళకు వరి అన్నం తినడం తెలియదు.” ఈ మాట ఎన్నో నోళ్ళలో విన్నాం. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో తవ్వించిన రామప్ప చెరువూ పాకాల చెరువూ ఇప్పటికీ వున్నాయి. అంతంత చెరువులు చేపలు చూసి ఆనందించడానికి తవ్వించలేదు గదా! వాటి కింద పండింది వరే. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికే పూర్తయింది. ఆ నీళ్ళ కింద నిజామాబాదు వరి పండించింది. అంటే రెండు ప్రాంతాలూ కలిసిన 1956కు పాతికేళ్ళ ముందు మాట.

పోనీ, కోస్తాలో అందరూ అనాదిగా సన్నబియ్యమే తిన్నారా? ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కాటన్ దొర ఆనకట్టకు ముందు, 1832-33లో వచ్చిన డొక్కల కరువులో గుంటూరు సీమలో మనుషులు అన్నం కాదు గదా, గంజి లేక రాలిపోయారు. శ్రీనాథుడంతటి కవి పలనాటికి పోయి జొన్నకూడు తినలేక విసుక్కొన్నట్టు ఆయన పేరున చాటువులే ప్రచారంలో వున్నాయి. ఆ పలనాడు ఎక్కడుంది? కోస్తాలోనే!

అసలు సంగతేమిటంటే, నీళ్ళున్నచోట వరి పండింది, లేనిచోట జొన్న, సజ్జ, రాగి, కొర్ర పండాయి. నీళ్ళున్నచోట కూడా వరి పండించినవాళ్ళందరూ వరి తినలేదు. వడ్లు కొలిచి ఇచ్చేసి, ఇంటికెళ్ళి అంబలి తాగినవాళ్ళు మూడు ప్రాంతాల్లోనూ వున్నారు. పండుగనాడు మాత్రమే తెల్లన్నం చూసిన ఇళ్ళు మన అమ్మమ్మల కాలం దాకా వున్నాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు సంచి పట్టుకొని క్యూలో నిలబడ్డవాళ్ళలో అన్ని జిల్లాలవాళ్ళూ వున్నారు. కాబట్టి అన్నానికీ జొన్నరొట్టెకూ మధ్య గీసిన గీత ప్రాంతానిది మాత్రమే కాదు. చాలావరకూ అది ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య గీత. దాన్ని ప్రాంతం పేరుతో పిలిచి మనం మనల్నే వెక్కిరించుకొంటున్నాం.

రెండో మాట: “ఇది మాది, ఆదినుంచీ మాదే.” ఇది వినడానికి ఎంత హాయిగా వుంటుందో, విచారించబోతే అంత ఇబ్బంది పెడుతుంది. గుంటూరు పేరు చెబితే మిరపకాయ. మన కారం చూసి బెంగళూరువాళ్ళు, మద్రాసువాళ్ళు దండం పెడతారు. కాని మిరపకాయ పుట్టింది అమెరికా ఖండంలో. కొలంబస్ అటువైపు వెళ్ళింది 1492లో. వాస్కోడిగామా కళ్ళికోట రేవులో దిగింది 1498లో. ఆ తరువాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరపకాయ మన దేశానికి చేరింది. అంతకుముందు మన కారమంతా మిరియాలే. మిరప అన్న పేరులోనే మిరియం దాక్కొని వుంది. అంటే ఇందాక చెప్పుకొన్న శ్రీనాథ కవిసార్వభౌముడు తన జీవితంలో ఒక్క మిరపకాయ కూడా కొరకలేదు! ఆయన తెలుగువాడు కాకుండా పోయాడా?

వేరుశెనగా అంతే, దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. టమాటా లేనిదే మనకు కూర తోచదు, అదీ అటునుంచి వచ్చిన చుట్టమే. ఇక మనం ముద్దుగా ఆంధ్రమాత అని పిలుచుకొనే గోంగూర? తెలంగాణలో పుంటికూర. కర్ణాటకలో పుండి. మరాఠీవాళ్ళ అంబాడి. అరవల పుళిచ్చకీరై. బర్మావాళ్ళకు అది లేనిదే పూట గడవదు, వాళ్ళదీ తమ సొంతమనే నమ్మకం. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు చెప్పేది, దాని పుట్టిల్లు ఆఫ్రికా అని. ఆఫ్రికా ఆడబడుచును తెచ్చి ఆంధ్రమాతను చేసుకొన్నాం. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. మన ఇళ్ళలో కోడళ్ళు మాత్రం ఎలా తల్లులయ్యారు? బయటినుంచి వచ్చే గదా!

ఇంతవరకూ చదివిన మీలో కొందరనవచ్చు: “అయితే ఇంకేం, ఎవరిదీ ఏదీ కాదు. అన్నీ అందరివీ. ఈ పట్టింపులన్నీ చాదస్తం. హాయిగా కలిసి తింటే పోలే?”

ఇక్కడే నేను ఒప్పుకోను. “అందరిదీ ఒకటే” అన్న మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. సాధారణంగా ఎవరి వంట బోర్డు మీదికి ఎక్కిందో వాళ్ళ నోటే వస్తుంది. హైదరాబాదులోనూ, మద్రాసులోనూ ఏళ్ళ తరబడి ‘ఆంధ్రా భోజనం’ అన్న బోర్డులు చూశాం. అందులో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి. బాగుంది, లొట్టలు వేసుకొంటూ తిన్నాం. కాని అందులో సర్వపిండి ఏది? సకినం ఏది? రాగిసంగటి ముద్ద ఏది? చోడంబలి ఏది? కోస్తాలో కొన్ని జిల్లాల్లో, అందులోనూ కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో వండే వంట ఒకటి తెలుగు భోజనం అన్న పేరు పెట్టుకొని కూర్చుంది. మిగతావి పల్లెటూరి తిండి, పేదతిండి అయ్యాయి. మాట విషయంలోనూ ఇదే జరిగింది. సినిమాల్లో తెలంగాణ మాటను చాలాకాలం హాస్యగాడికో, రౌడీకో అప్పగించారు. హీరో ఎప్పుడైనా జొన్నరొట్టె అడిగాడా?

అటువంటప్పుడు “దీని పేరు గోంగూర కాదు, మేం పుంటికూర అంటం” అని ఒక అమ్మాయి నొక్కి చెబితే అది చాదస్తం ఎలా అవుతుంది? అందులో గొప్పలు లేవు. మా అమ్మకూ ఒక పేరుంది, దాన్ని పలకండి అని అడగడం అది. 2014 తరువాత తెలంగాణలో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. సద్దుల బతుకమ్మనాటి మలీద ముద్దల పేరు ఊరూవాడా తెలిసింది. ఎన్నో ఏళ్ళు ఒక ఇంట్లో వుండి, ఆ ఇంటి పెద్దలకు తన పేరు సరిగా తెలియదని గ్రహించిన కోడలి బాధ ఎలాంటిదో మనకు తెలుసు. ప్రాంతాల బాధా అలాంటిదే.

కాబట్టి తిండి మీద పౌరుషం రెండు రకాలు. “మాదీ చూడండి, మాకూ పీట వెయ్యండి” అనేది ఒకటి. “మాదే వంట, మీది గడ్డి” అనేది రెండోది. మొదటిది న్యాయం అడుగుతుంది, రెండోది అన్యాయం చేస్తుంది. చిక్కేమిటంటే మొదటిదాన్ని ఏమరుపాటుగా పొయ్యి మీద వుంచితే అడుగంటి రెండోదవుతుంది. నిన్న వెక్కిరింపబడ్డవాళ్ళు ఇవాళ బలం రాగానే పక్కవాళ్ళ పప్పుచారును వెక్కిరించడం మనం చూడలేదూ? అత్త చేతిలో దెబ్బలు తిన్న కోడలు అత్త అయ్యాక ఏం చేస్తుందో మనకొకరు చెప్పాలా?

మరి ఏది ఎప్పుడు అడుగంటిందో తెలుసుకోవడమెలా? నాకు తోచిన గుర్తు ఒకటుంది. మన తిండి మీద మనకున్న ప్రేమ మన చేత పక్కవాళ్ళకు వడ్డింపజేస్తోందా, లేక పక్కవాళ్ళ విస్తరి లాగేయిస్తోందా? అంతే.

ఈ గుర్తు పెట్టి చూస్తే పొరుగు ప్రాంతందాకా పోనక్కర్లేదు, మన ప్రాంతంలోనే తలదించుకోవలసినవి కనిపిస్తాయి. “మా వూరి గోంగూర” అని మురిసిపోయే ఇంట్లో, ఆ గోంగూర కోసి తెచ్చిన చెయ్యి వంటింటి గడప దాటకూడదు. “మా సీమ సంగటి” అని మీసం మెలేసే వూళ్ళో, టీ దుకాణంలో కొందరికి వేరే గ్లాసు. “మా తెలంగాణ రొట్టె” అనే చోటా అంతే. అప్పుడు “మా” అన్న మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు? పలనాటి బ్రహ్మనాయుడు 12వ శతాబ్దంలో అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్పుకొంటాం. ఆ కూట్లో మిరపకాయ లేదు. ఏ కూర వండారో ఎవరికీ గుర్తు లేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చొని తిన్నారన్నది మాత్రం ఎనిమిది వందల ఏళ్ళు దాటినా మరిచిపోలేదు.

ఇక ఈ తగాదాలన్నిటిలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సంస్కృతి అంటూ వేదికల మీద మాట్లాడేది ఎవరు, పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు? మొగవాడి ప్రాంతం పుట్టిననాటినుంచి పోయేదాకా ఒకటే. ఆడదానికి పెళ్ళినాడే ప్రాంతం మారుతుంది. పుట్టింటి నాలుకతో వచ్చి అత్తింటి నాలుకకు వండాలి. “మా అమ్మ చేసినట్టు లేదు” అన్న మాట విననివాళ్ళు మనలో ఎంతమంది? ఆ “మా అమ్మ” కూడా ఒకప్పుడు ఇంకెక్కడినుంచో వచ్చి, వాళ్ళ అత్తగారి చేత అదే మాట అనిపించుకొన్న మనిషేనని ఆ మొగవాడికి ఎవరు చెబుతారు?

నాకు తెలిసిన ఒకావిడ కరీంనగర్ వైపునుంచి తెనాలి వైపు కోడలిగా వెళ్ళింది. వెళ్ళిన కొత్తలో ఒకరోజు పచ్చిపులుసు చేసింది. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి వేసి, వేయించిన నువ్వుల పొడి కలిపి, పోపు పెట్టింది. అత్తగారు గిన్నె వంక చూసి, “ఇది మా ఇంట్లో ఎవరూ తినరమ్మాయ్” అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. అంతే, ఆ పిల్ల మళ్ళీ చెయ్యలేదు. బెల్లం వేసిన పులుసులు నేర్చుకొంది, పప్పుచారు నేర్చుకొంది, చుట్టుపక్కల ఇళ్ళలో ఆవకాయ కలపడానికి ఆవిణ్ణి పిలిచేటంతగా నేర్చుకొంది. పాతికేళ్ళ పైన గడిచాయి. అత్తగారు మంచం పట్టింది. నోటికి ఏదీ సయించడం లేదు. ఒక మధ్యాహ్నం కోడలిని పిలిచి, “అప్పుడెప్పుడో ఒకటి చేశావే, నువ్వుల పొడేసి… అది కాస్త చేసి పెడతావా?” అని అడిగిందట.

కోడలు చేసిపెట్టింది. ఆవిడ నాలుగు ముద్దలు తిని, “బాగుందే. ఇన్నాళ్ళూ చెయ్యలేదేం?” అంది.

ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకొంది. “కోపం రాలేదా?” అని అడిగాను. “కోపం దేనికండీ? ఆమెకు గుర్తుందని తెలిసింది, అది చాలు” అంది. నాకు మాత్రం అంత ఉదారంగా వుండడం సాధ్యం కాలేదు. ఒక్క గిన్నె పులుసు ఒక ఇంటి గడప దాటి లోపలికి రావడానికి పాతికేళ్ళు పట్టిందంటే, రెండు ప్రాంతాల మధ్య ఎన్ని గిన్నెలు వెనక్కి వెళ్ళాయో! ఆవిడ తెలంగాణ మనిషా, ఆంధ్రా మనిషా? ఆవిడ పిల్లలు తినే తిండి ఎవరిది? ఏ ఉపన్యాసకుడైనా జవాబు చెప్పగలడా?

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈమధ్య ఏ వూరి తిండికి ఆ వూరి పేరును చట్టరీత్యా కట్టబెట్టే భౌగోళిక గుర్తింపులు వచ్చాయి. తిరుపతి లడ్డుకు 2009లో, హైదరాబాదు హలీముకు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. మంచిదే, చేసేవాళ్ళకు నాలుగు డబ్బులు దక్కుతాయి. రసగుల్లా కోసం బెంగాలీలూ ఒరియావాళ్ళూ ఎంత తగువు పడ్డారో మీకు తెలిసే వుంటుంది. చివరకు బెంగాలు రసగుల్లాకు 2017లో ఒక గుర్తింపూ, ఒడిశా రసగొలాకు 2019లో మరో గుర్తింపూ ఇచ్చి, మీది మీదే, వాళ్ళది వాళ్ళదే అన్నారు. ఇద్దరు పిల్లలు బొమ్మ కోసం ఏడిస్తే రెండు బొమ్మలు కొనిచ్చే తల్లి తీర్పు అది! ఇంట్లో చెల్లే ఈ తీర్పు చట్టానికీ అవసరమయిందన్నమాట.

ఐతే గుర్తింపు కాగితం రుచిని కాపాడదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. నిన్నటిదాకా పేదతిండి అన్న జొన్నరొట్టె పెద్ద హోటళ్ళకెక్కింది. సకినాలు కిలోల లెక్కన మిఠాయి దుకాణంలో దొరుకుతున్నాయి. కొనుక్కోవడం తప్పని నేననను. ఉద్యోగం చేసి, పిల్లలను చదివించి, పండుగకు పదిమంది కూర్చొని చుట్టే సకినాలను ఒక్కతే చుట్టమంటే ఎవరి తరం? కాని “మన సంప్రదాయం నిలబెట్టాలి” అని గంటకొట్టి చెప్పే మొగమహారాజులకు మాత్రం ఒక మనవి. నిలబెట్టండి. పిండి తడపడం దగ్గరనుంచి మీరే మొదలుపెట్టండి. నడుము నొప్పి పంచుకోనివాడికి గర్వం పంచుకొనే హక్కు సగమే.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారని ఒక మహాతల్లి వుండేది. 1909లో పోయింది. వేళ కాని వేళ ఏటిదారిన వచ్చినవాళ్ళకు అన్నం వండి పెట్టడమే ఆవిడ చేసిన పని. బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఆవిడ పేరు పెట్టింది. కర్నూలు వైపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 కరువులో వేలమందికి గంజి పోయించాడు. గోదావరి మనిషి అన్నం, సీమ మనిషి గంజి. ఏది గొప్పది? ఆకలిగా వచ్చినవాళ్ళను అడగండి.

మన అమ్మలు ఒక నియమం పెట్టారు. పొరుగింటినుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. కడిగి, అందులో మన ఇంటిది ఏదో ఒకటి వేసి పంపాలి. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యాలి. ఎవరి గిన్నె వాళ్ళకు చేరుతుంది, ఎవరి గిన్నె మీద కొట్టించిన పేరు దానిమీదే వుంటుంది, లోపలిది మాత్రం మారుతూ వుంటుంది. ప్రాంతాల గురించి ఇంతకంటే మంచి శాసనం ఏ అసెంబ్లీ చేసిందో నాకు తెలియదు.

మీ వీధిలోకి కొత్తగా ఎవరైనా కాపురం వచ్చారా? వాళ్ళ మాట కొంచెం వేరుగా వుందా? వాళ్ళ వంటింట్లోంచి మీకు అలవాటు లేని పోపు వాసన వస్తోందా? ఒక గిన్నె పంపి చూడండి.